వెండి నలుపెక్కితే...

శ్రావణమాసం వస్తున్నదంటే మా ఇంట్లో అటక మీది ఇనుప పెట్టె కిందికి దిగుతుంది. వరలక్ష్మీవ్రతానికి అమ్మవారి వెండి ముఖం, కుంకుమ భరిణె, పన్నీటి బుడ్డి, రెండు కుందులు, పిల్లల పట్టీలు, చంటితనంలో తొడిగిన మురుగులు - ఒక్కొక్కటే మూట విప్పుకొని బయటికి వస్తాయి. మీ ఇంట్లోనూ ఇంతే కదా! సంవత్సరమంతా మరిచిపోయిన వెండి ఆ ఒక్క వారంలో జ్ఞాపకం వస్తుంది. అప్పుడిక చింతపండు, ముగ్గుపిండి, టూత్‌పేస్టు - చేతికి దొరికిన దానితోనల్లా తోమడం మొదలవుతుంది.

ఈ యేడు పెట్టె విప్పినప్పుడు మా అమ్మాయి అడుగున వున్న ఎర్రగుడ్డ మూట తీసింది. అందులో మా అవ్వ కాలికడియాలు. ఒకటి నల్లగా, బొగ్గు పూసినట్లున్నది. రెండవది ఆ నలుపులోనూ కొంచెం పచ్చగా, నున్నగా కనిపించింది.

"అమ్మా, ఇవి రెండూ ఒక జతేనా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు కొంచెం సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ జత చెడింది నా చేతనే. ఆ కథ చెప్పేముందు వెండిని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నేను తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేదాన్ని. రసాయనశాస్త్రం నాకు రాదు. అయినా ఆ కడియాల పుణ్యమా అని, మా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే తోటి ఉపన్యాసకురాలి దగ్గరా, మా వీధి చివర కంసాలి ఆచారి దగ్గరా కూర్చుని కొంత నేర్చుకున్నాను. అది మీకూ పనికి వస్తుందని వ్రాస్తున్నాను.

రూపాయల ఎత్తు

మా అవ్వ పెళ్ళి 1944లో జరిగింది. గుంతకల్లుకు దగ్గరలోనే ఒక మెట్టపల్లె. అక్కడ వర్షాన్ని నమ్ముకున్న సేద్యమే గాని కాలువ లేదు, చెరువు నిండదు. అయినా ఆమె తండ్రి కూతురికి "ముప్పై రూపాయల కడియాలు" పెట్టాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. చిన్నప్పుడు నేను, ముప్పై రూపాయలకు కొన్న కడియాలు కాబోలనుకునేదాన్ని. కాదట. ముప్పై వెండి రూపాయల ఎత్తు కడియాలు!

ఆ రోజుల్లో వెండికి తూకపురాయి రూపాయే. ఒక రూపాయి సరిగా ఒక తులం, అంటే నేటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. పల్లెల్లో నగ కావలసినవాళ్ళు దుకాణానికి పోయి వెండి కొనేవారు కారు. దాచుకున్న రూపాయలే కంసాలి ముందు పోసి, మజూరీ మాట్లాడుకొని, మూసలో కరగడం కళ్ళారా చూసి నగ చేయించుకునేవారు. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. 1947లో వెండి తీసివేసి నికెల్ రూపాయి తెచ్చింది. మా ముత్తాత ఆ సంగతి ముందే పసిగట్టి పాత రూపాయలను విడిగా కుండలో దాచాడట. అందుకే అవ్వ కడియాల వెండి మంచి వెండి అయింది.

మా సీమలో వెండి నగ అందానికి మాత్రమే కాదు, వానలు లేని యేటికి కూడా. బ్యాంకులు లేని పల్లెల్లో ఆడదాని కాలికి, నడుముకు వున్న వెండే ఇంటి నిల్వ. 1876-78 నాటి మహాక్షామాన్ని, మన పెద్దలు "ధాత కరువు" అని చెప్పుకుంటారు. అప్పటికింకా అనంతపురం జిల్లా ఏర్పడలేదు. ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలో వుండేది. జిల్లా వేరుపడింది 1882లో. ఆ కరువులో జనం మొదట వెండి నగలు, తరువాత ఇత్తడి పాత్రలు, చివరికి ఎద్దులు అమ్ముకున్నారు. అమ్ముడైన కడియాలూ వడ్డాణాలూ టంకసాలకు చేరి మళ్ళీ రూపాయలైనాయి. రూపాయి కరిగి కడియమైంది, కడియం కరిగి రూపాయి అయింది. నడుమ మనిషికి నాలుగు నెలల జొన్నలు దొరికాయి.

వెండిని ఎందుకు జాగ్రత్త చేసుకోవాలంటే నేను చెప్పే మొదటి కారణం ఇదే. అరిగిన ప్రతి గ్రామూ ఎవరో ఒకరి కష్టార్జితం.

నలుపు ఎక్కడినుండి వస్తుంది?

మా నాయన రైల్వే ఉద్యోగి. 1956లో గుంతకల్లు రైల్వే డివిజనుకు ముఖ్యస్థానమైన తరువాత ఊరు పెరిగింది. ఊరికి బొగ్గు పొగ కూడా పెరిగింది. నా చిన్నతనంలో ఇంకా ఆవిరి యింజన్లు నడుస్తుండేవి. రైల్వే క్వార్టర్సులో ఆరవేసిన తెల్ల చీర మీద సాయంత్రానికి నల్లని నలుసులు పడేవి. మా అమ్మ వెండి కుంకుమ భరిణె ఎన్నిసార్లు తోమినా నెల తిరిగేసరికి నల్లబడేది. పల్లెలో అవ్వ కడియాలు మాత్రం, అవ్వ చేనికీ దొడ్డికీ తిరుగుతున్నా, తెల్లగానే వుండేవి. "మీ ఊరి నీళ్ళు మంచివి కాదులేమ్మీ" అనేది అవ్వ, మా అమ్మతో.

తప్పు నీళ్ళది కాదు, గాలిది. మా తోటి ఉపన్యాసకురాలు చెప్పేవరకు నాకూ తెలియలేదు.

"అక్కా, ఇనుము తుప్పు పట్టినట్లు వెండి తుప్పు పట్టదు. గాలిలోని ప్రాణవాయువు మామూలు వేడిలో వెండిని ఏమీ చెయ్యలేదు. వెండికి గిట్టనిది గంధకం" అన్నదామె.

గాలిలో హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువు చాలా కొద్దిగా వుంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. మురుగు కాలువలు, బొగ్గు పొగ దీనికి పుట్టిళ్ళు. ఈ గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడు అనే పొరగా ఏర్పడుతుంది. ఆ పొర మొదట లేత పసుపుగా, తరువాత గోధుమ వన్నెగా, ఇంకా మందమైతే నీలంగా, చివరకు నలుపుగా కనిపిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, కోడిగుడ్డు, ఉన్నిబట్ట, రబ్బరు - వీటన్నిటిలోనూ గంధకం వున్నది. కోడిగుడ్డు తిన్న వెండి చెమ్చా నల్లబడేది అందుకే.

ఈ చర్య వేగంగా జరగాలంటే గాలిలో తేమ కూడా కావాలి. సముద్రపు ఒడ్డున, మబ్బు పట్టిన రోజుల్లో వెండి త్వరగా నలుపెక్కుతుంది. మా జిల్లాలో సంవత్సరానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. గాలి ఎప్పుడూ ఎండిపోయే వుంటుంది. అందువల్ల అవ్వ పల్లెలో బొగ్గు పొగా లేదు, తేమా లేదు. పైగా రాత్రింబగళ్ళు కాలికి వుండి చీర కుచ్చిళ్ళకు ఒరుసుకొనే వెండికి పొర కట్టే సావకాశమే లేదు. చూశారా చిత్రం! ఏ అనావృష్టి ఆ కడియాలను కుదువకు పంపిందో, ఆ అనావృష్టే వాటిని తెల్లగా వుంచింది.

నేను చేసిన పొరపాటు

పదేళ్ళ కిందట మా చెల్లెలి పెళ్ళి. అప్పటికే అవ్వ లేదు. పెళ్ళికూతురు అవ్వ కడియాలు ఒక్క పూటైనా పెట్టుకోవాలని నాకు కోరిక. తీసి చూస్తే రెండూ నల్లగా వున్నవి. బయటి వైపు తీగ, మొగ్గలు చెక్కిన పని. ఆ గాళ్ళలో నలుపు మరీ గట్టిగా పట్టింది. లోపలి వైపున అడ్డంగా మూడు గాట్లు కూడా వున్నవి. ఎవరో మొరటు మనిషి ఆకురాయితో గీచినట్లున్నవి.

"కొత్తవాటిలా చేసి ఇస్తాం" అన్న ఒక దుకాణానికి తీసికొని పోయాను. ముందుగా ఒకటి చేయించి చూద్దామని ఒకటే ఇచ్చాను. ఆ బుద్ధి పుట్టడం నా అదృష్టం. సాయంత్రానికి కడియం అద్దంలా మెరుస్తూ వచ్చింది. మెరుగు చక్రానికి పట్టారట. లోపలి గాట్లు కూడా నున్నగా చేసేశారు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. బొటనవ్రేలితో లోపలి వైపు తడిమింది.

"గాట్లేమాయనే?" అన్నది.

"పోయినాయమ్మా. నున్నగా చేసినారు."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత రెండవ కడియం తీసి లోపలి మూడు గాట్లమీద నా వ్రేలు పెట్టించింది.

"ఇది యాభై రెండు కరువు. ఇది అరవై ఐదు. ఇది డెబ్బై రెండు. కుదువ పెట్టేటప్పుడు లోపల రాగి ఉందేమోనని సావుకారు ఆకురాయితో గీచి చూసేటోడు. ఒక్కోసారి ఒక్కో గాటు. మూడు సార్లూ మీ అవ్వ ఇడిపించుకొనింది. మూడోసారి ఇడిపించడానికి నాలుగేండ్లు పట్టింది. ఆ నాలుగేండ్లూ కాళ్ళు బోసిగానే తిరిగింది. ఇంక కరువొచ్చినా వీటిని మాత్రం ఇయ్యననింది."

నేనేం చెప్పగలను? ఎం.ఏ. చదివి, శాసనాల లిపి గురించి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. మా అవ్వ వ్రాయించిన శాసనాన్ని నా చేతులారా నేనే చెరిపించాను.

మరునాడు రెండు కడియాలనూ కాటాలో పెట్టించాను. పదిహేను రూపాయల ఎత్తు కడియం 175 గ్రాములు తూగాలి. మెరుగు పెట్టించనిది 172 వున్నది. మెరుగు పెట్టినది 169. అంటే డెబ్బై యేళ్ళు కాలికీ, పెట్టెకూ, కుదువ కొట్టుకూ తిరిగి అరిగినదెంతో, మెరుగు చక్రం ఒక్క పూటలో అంత అరగదీసింది. పైన చెక్కిన తీగ కూడా మెత్తబడి, మొగ్గల అంచులు చెరిగిపోయినవి. గాళ్ళలోని నలుపు పోవడంతో ఆ పనితనం కంటికి ఆనడమే మానేసింది. ఆ నలుపే చిత్తరువుకు నీడలాగా వుండి తీగను పైకి చూపిస్తున్నదని అది పోయిన తరువాత గదా తెలిసింది!

నలుపు తీయడానికి, వెండి తీయడానికి మధ్య తేడా వున్నది. ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే.

ఎలా శుభ్రం చేయాలి?

మొదట తెలుసుకోవలసినది, వెండి చాలా మెత్తని లోహమని. ఇసుక, ఇటుకపొడి, ముగ్గుపిండిలోని రాతినలుసులు, గిన్నెలు తోమే పీచు దానిమీద గీతలు పెడతాయి. టూత్‌పేస్టు కూడా అంతే. పళ్ళపైని పింగాణీ వంటి గట్టి పొర కోసం చేసిన గరుకుపొడి అందులో వుంటుంది. వెండి అంత గట్టిది కాదు. అప్పటికి తెల్లగా కనిపిస్తుంది గాని, సన్నని గీతలు పడి మళ్ళీ త్వరగా మాస్తుంది.

రోజూ వాడే పట్టీలకు, మెట్టెలకు, గాజులకు పట్టేది ముఖ్యంగా చెమట, నూనె, దుమ్ము. దానికి కుంకుడుకాయకు మించినది లేదు. నాలుగు కుంకుడుకాయలు కొట్టి గింజ తీసి గోరువెచ్చని నీళ్ళలో నానవేసి నురుగు తీయండి. నగను అందులో పది నిమిషాలుంచి, అరిగిపోయిన మెత్తని పళ్ళ బ్రష్షుతో గొలుసు కడియల సందుల్లో, మువ్వల చుట్టూ మెల్లగా రుద్దండి. మా ఊళ్ళో బోరు నీళ్ళు చాలా ఉప్పన. ఆ నీళ్ళతో కడిగి వదిలేస్తే తెల్లని మరకలు కడతాయి. కనుక చివర ఒక చెంబెడు తాగే నీళ్ళతో జాడించి, నూలుగుడ్డతో అద్ది, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. మువ్వల్లో తడి నిలవకుండా గుడ్డమీద బోర్లించి పెట్టండి.

లేత పసుపు నలుపు కనిపించినప్పుడు విభూతి చాలు. మన పెద్దవాళ్ళు పూజ వెండిని విభూతితో రుద్దడం ఊరికే పెట్టుకున్న ఆచారం కాదు. మంచి విభూతి పిండి వలె మెత్తగా వుంటుంది. సన్నని సుద్దపొడి దానికి సాటి. కొంచెం నీటితో పల్చగా కలిపి, మెత్తని నూలుగుడ్డతో పొడుగుగా ఒకే దిక్కుకు తుడవండి. గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దవద్దు. పురావస్తుశాలల్లో పాత వెండిని శుభ్రం చేసేవారు కూడా మెత్తని సుద్దనే వాడుతారు. అద్దంలా మెరిపించాలని చూడరు. గాళ్ళలో నలుపు వదిలేస్తారు.

బాగా నలుపెక్కిన గట్టి వెండికి ఇంకొక ఉపాయం వున్నది. పాత సత్తు గిన్నె ఒకటి తీసుకోండి. లేదా ఏదైనా గిన్నె అడుగున అల్యూమినియం రేకుకాగితం పరవండి. లీటరు మరిగిన నీళ్ళు పోసి రెండు పెద్ద చెమ్చాల వంటసోడా, చిటికెడు ఉప్పు వేయండి. నగ ఆ సత్తుకు తప్పక తాకుతూ వుండాలి. రెండు మూడు నిమిషాల్లో కోడిగుడ్డు వాసన కొంచెం వస్తుంది. నలుపు తేలిపోతుంది.

ఇది మాయ కాదు. గంధకానికి వెండికంటె అల్యూమినియం మీద మక్కువ ఎక్కువ. ఆ నీటిలో రెండు లోహాలూ తాకుతూ వున్నప్పుడు సన్నని విద్యుత్తు పారి, గంధకం వెండిని విడిచి వెళ్ళిపోతుంది. వెండి మాత్రం వున్నచోటనే మళ్ళీ వెండి అవుతుంది. రుద్దుడు పద్ధతిలో నలుపుతోపాటు దానిలోని వెండి కూడా పోతుంది. ఇందులో ఆ నష్టం లేదు. అయితే ఆ సత్తు గిన్నెను మళ్ళీ వంటకు వాడకండి.

చింతపండు, నిమ్మకాయ రాగికీ ఇత్తడికీ మంచివి. వాటి పులుపు రాగి చిలుమును కరిగిస్తుంది. వెండి మీది నలుపుకు అవి అంతగా పనిచేయవు. ముత్యాలు, పగడాలు కూర్చిన నగకు ఆ పులుపు తగిలిందా, ముత్యం వన్నె పోతుంది. ఇక బజారులో సీసాల్లో అమ్మే ద్రావకాలు వున్నవి. ముంచగానే తెల్లనవుతుందని వాటికి పేరు. వాటిలో ఆమ్లమూ, థయోయూరియా అనే రసాయనమూ వుండడం మామూలు. అవి నలుపును కరిగించి నీళ్ళలో కలిపేస్తాయి. వెండి కూడా వాటితోపాటు పోతుంది. బిడ్డకు ఉగ్గు పెట్టే గిన్నెనూ, పాలు తాగే గ్లాసునూ వాటిలో ముంచనే వద్దు.

ఏ నగకు ఏది తగదు?

సత్తు గిన్నె ఉపాయం అన్ని నగలకూ కాదు సుమండీ. ఈ కొన్నింటిని జ్ఞాపకం వుంచుకోవాలి.

లోపల లక్క పోసిన బోలు కడియాలు పాతకాలంలో చాలా వుండేవి. తట్టి చూస్తే గట్టి వెండి వలె మోగవు. వాటిని వేడి నీళ్ళలో వేస్తే లక్క మెత్తబడి, నగ సొట్టపోతుంది. పొడిగుడ్డతో తుడవడమే వాటికి మేలు.

రాళ్ళు అతికించినవి, ముత్యాలు కూర్చినవి, పూసలు దారానికి గుచ్చినవి నానవేయరాదు.

కావాలని నలుపు పెట్టి చేసే "ఆక్సిడైజ్డ్" నగలు ఇప్పుడు కాలేజీ పిల్లలకు ఇష్టం. నలుపే వాటి అందం. ఆ నలుపు తీసేస్తే నగ బోసిపోతుంది. బిదరీ వస్తువులూ అంతే. నల్లని లోహంలో వెండి పొదిగిన పని అది. వెండి మీద మాత్రమే పొడిగుడ్డ ఆడించాలి గాని, ద్రావకం పోస్తే భూమిక పాడవుతుంది.

కరీంనగరం వెండితీగ పని అందరూ వినే వుంటారు. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వెంట్రుక వంటి వెండి తీగలను మెలిపెట్టి అల్లే ఆ పనితనాన్ని గుడ్డతో రుద్దితే తీగ వంగిపోతుంది. గుడ్డ పోగు చిక్కుకొని తెగిపోతుంది కూడా. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, అవసరమైతే కుంకుడు నురుగులో ముంచి తీయడం - అంతకు మించి వద్దు.

ఇంకొక మాట. "జర్మన్ సిల్వర్" అని అమ్మే వాటిలో వెండి రవ్వంత కూడా వుండదు. రాగి, నికెల్, యశదం కలిపిన లోహమది. మా చుట్టుపక్కల తండాల్లో సుగాలీ స్త్రీలు చెంపల పక్కన జారవేసుకొనే ఘుగ్రీలు, టోప్లీలు పాతవైతే వెండివి. ఈ మధ్య తయారైనవి ఎక్కువగా తెల్లలోహానివి. దుకాణంలో కొత్త వెండి కొనేటప్పుడు హాల్‌మార్కు ముద్ర చూసుకోండి. వెండికి అది 2005 నుంచి వుంది. 925 అని వుంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని అర్థం. మిగిలినది సాధారణంగా రాగి. మెట్టెల కింద వ్రేలికి పచ్చని మరక పడితే అది ఆ రాగి పనే. భయపడనక్కర లేదు. వ్రేళ్ళ సందులు కడుక్కొని పొడిగా తుడుచుకుంటే చాలు.

దాచుకోవడం

తోమడంకంటె దాచడంలోనే వున్నది నేర్పు. సరిగా దాచిన వెండిని సంవత్సరానికి ఒక్కసారి తుడిస్తే చాలును.

నగను పూర్తిగా ఆరిన తరువాతనే మూట కట్టాలి. గంజి లేని, ఉతికిన తెల్లని నూలుగుడ్డ మంచిది. ఉన్ని, పాత వార్తాపత్రిక కాగితం, రబ్బరు బ్యాండు - ఈ మూడూ వెండికి శత్రువులు. పట్టీల జతకు రబ్బరు బ్యాండు చుట్టి పెడితే, ఆ బ్యాండు ఆనినచోట నల్లని చార పడుతుంది. నూలుదారం కట్టండి. గుడ్డ మూటను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలోనో, మూత బిగువైన డబ్బాలోనో పెట్టి, పక్కన రెండు సుద్దముక్కలు వేయండి. తేమను అవి పీల్చుకుంటాయి. జత నగలను విడివిడిగా చుట్టాలి. ఒకదానికొకటి రాసుకొంటే గీతలు పడతాయి.

పెట్టుకునేటప్పుడు పౌడరు, అత్తరు, తలనూనె అన్నీ అయినాక చివర పెట్టుకోండి. తీసేటప్పుడు మొదట తీయండి. బట్టల తెలుపు కోసం వాడే బ్లీచింగు నీళ్ళు, గజ్జికి పూసే గంధకపు మందు, తలకు వేసే రంగు తగలనివ్వకండి. ఇంకొకటి - వాడుతున్న వెండి అంత త్వరగా నలుపెక్కదు. రోజూ పెట్టుకోవడమే దానికి మొదటి మెరుగు.

ఎవరి చేతికి ఇవ్వాలి?

పట్టీల కడియలు అరిగి సన్నబడినా, సీల వదులైనా కంసాలికి చూపించాలి. ఊడి రోడ్డుమీద పడిపోయాక చూపించి ప్రయోజనం లేదు. మెరుగు పెట్టించవలసి వస్తే, ఇచ్చేముందు మీ యెదుటనే తూకం వేయించి చీటీ మీద వ్రాయించుకోండి. తిరిగి తీసికొనేటప్పుడు మళ్ళీ తూయించండి. మెరుగు చక్రం వద్దనీ, కుంకుడు నీళ్ళతో కుంచె పెట్టమనీ నోరు విప్పి చెప్పండి. చెప్పకపోతే వాళ్ళ తప్పు కాదు. మెరుపు అడిగినవాళ్ళకు మెరుపే ఇస్తారు. నా విషయంలో జరిగినదీ అదే.

మధ్యాహ్నం మగవాళ్ళు లేని వేళ తలుపు తట్టి "వెండి, బంగారం తళతళలాడిస్తాం" అనేవారి చేతికి మాత్రం ఒక్క మెట్టె కూడా ఇవ్వకండి. మొదట ఇత్తడి దీపం ఉచితంగా తోమి చూపిస్తారు. తరువాత నగను ఏదో ద్రావకంలో ముంచుతారు. నగ మెరుస్తూనే తిరిగి వస్తుంది, తూకం మాత్రం రాదు. కరిగిన లోహం వాళ్ళ గిన్నెలో వుంటుంది.

జత

ఈ శ్రావణంలో మా అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, "అయితే దీన్ని నేను తోముతాను" అని మెరుగు పెట్టించని కడియం తీసికొన్నది. మా అమ్మ మంచం మీదినుంచే చూస్తూ వున్నది. ఆమెకిప్పుడు చూపు అంతంత మాత్రం. అయినా చేతులు ఆడే తీరును బట్టి ఏం జరుగుతున్నదో పోల్చుకోగలదు.

అమ్మాయి సుద్దపొడి తడిపి, నా పాత నూలు చీర ముక్కతో తీగ వెంబడి మెల్లగా తుడిచింది. పైకి లేచిన ఆకులూ మొగ్గలూ తెల్లబడినవి. గాళ్ళలో నలుపు అలాగే వున్నది. నా కంటికి ఆ కడియం దాని జతకంటె ఎంతో అందంగా కనిపించింది. తరువాత లోపలి వైపు తిప్పబోయింది.

"లోపల తోమాకు పాపా" అన్నది అమ్మ.

"తోమడం లేదవ్వా. లెక్కపెడుతున్నా" అన్నది మా అమ్మాయి.

రెండు కడియాలనూ వేరువేరు గుడ్డల్లో చుట్టి, సుద్దముక్కలు వేసి, డబ్బా మూత బిగించాము. మూతకు లోపల ఒక కాగితం అంటించాను. ఒక కడియం 172 గ్రాములు, ఒకటి 169. లోపలి గాట్లు మూడు - 1952, 1965, 1972. మెరుగు పెట్టించరాదు.

మీ ఇంట్లోని పాత నగకు కూడా ఇటువంటి కాగితం ఒకటి వ్రాసిపెట్టండి. ఎవరిదో, ఎన్ని తులాలో, ఏ గాటు ఎందుకు పడిందో చెప్పగలిగినవారు ఇంట్లో వున్నప్పుడే అడిగి వ్రాసికొనండి. తోమడానికి వచ్చే శ్రావణం వరకు ఆగవచ్చును గాని, ఆ అడగడం మాత్రం ఈ రోజే చేయండి.